అత్తమ్మ గదికి గంధమా, జాజా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సంగతి ఇది.

ఆమెకు 36 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకు కాజీపేటలో ఉద్యోగం. పెళ్లయి 11 ఏళ్లు. పదేళ్లు కిరాయి ఇళ్లలో ఉండి, పోయినేడు ఇద్దరి జీతాల మీద లోను తీసుకుని ఒక పాత ఇల్లు కొన్నారు. మామయ్య పోయి రెండేళ్లయింది. పరకాల దిక్కు పల్లెలో ఒక్కతే ఉంటున్న అత్తమ్మను ఈ వానాకాలం మొదట్లో తమ దగ్గరికి తెచ్చుకున్నారు. అత్తమ్మకు 70 దాటాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. ఆమె కోసం ఇంటి వెనక గదిని బాగు చేయిస్తున్నారు. 12 అడుగుల పొడవు, 11 వెడల్పు, 10 ఎత్తు. ఉత్తరం వైపు ఒక్కటే కిటికీ. కింద నీలం చాయ తాండూరు బండలు, పైన ఒక ట్యూబ్‌లైట్. లప్పం పట్టి, ప్రైమర్ వేశాక రంగు తేలక పని ఆగింది. పెత్రమాస (పితృ అమావాస్య) నాటికి మామయ్య ఫొటో ఆ గదిలో పెట్టి, ఆయన పేరు మీద బియ్యం ఇవ్వాలని ఇంట్లో అనుకున్నారు.

షేడ్ కార్డులో ఈమె గంధం రంగు ఎంచారు. అత్తమ్మకు చూపిస్తే, “గిది మాసిన పంచె లెక్కుంది బిడ్డా. మన ఇంట్ల జాజు ఎట్లుండె! గసొంటిది ఎయ్యరాదు” అన్నారట. జాజు (గోడలకు, అరుగులకు పూసే ఎర్రమట్టి) అంటే ఇదేనంటూ పెయింటర్ ఇటుక రంగు తీసి చూపించాడు. గది గుహలా అయిపోతుందని ఈమెకు భయం పట్టుకుంది. భర్తనడిగితే, “ఏదో ఒకటి ఎయ్యిన్రి, నాకు రెండూ ఒక్క తీరే కనపడ్తున్నయ్” అన్నారు. కరీంనగర్ నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి, “మా అమ్మకున్న ఒక్క గదికి గూడ ఆమె చెప్పిన రంగు ఎయ్యరాదా” అని నిష్ఠూరమాడింది. ఆ రాత్రి ఏడ్చానని రాశారు. “పదకొండేళ్లలో గడప నుంచి గ్యాస్ పొయ్యి దాకా ఏదీ నేను ఎంచుకున్నది కాదు. మొదటిసారి ఒక రంగు ఎంచాను. అది మాసిన పంచె అయింది. నేను తప్పా? ఏ రంగు వేయాలి?” ఇదీ ఉత్తరం.

అమ్మా, ముందు ఆ మాసిన పంచె దగ్గరే మొదలుపెడతాను. ఆ మాట మీకు ఎంత గుచ్చుకుందో అక్షరాల్లోనే కనిపిస్తోంది. కానీ అత్తమ్మ అన్నది మీ ఎంపికను కాకపోవచ్చు. ఆమె తన కంటికి కనిపించింది కనిపించినట్టు చెప్పి ఉండవచ్చు.

వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. శుక్లం ముదిరితే గోధుమ రంగుకు తిరుగుతుంది. పసుపుపచ్చ గాజులోంచి లోకాన్ని చూసినట్టే. నీలి వెలుగు అక్కడే ఆగిపోతుంది. దాంతో తెలుపుకూ, మీగడ రంగుకూ, లేత గంధానికీ మధ్య ఉన్న తేడా చెరిగిపోతుంది. ఆపరేషన్ అయి కొత్త కటకం పెట్టిన కంటికి తెల్లవి తెల్లగా, ఒక్కోసారి కాస్త నీలంగా కూడా కనిపిస్తాయి. మీ అత్తమ్మకు ఇప్పుడు ఒక కన్ను అట్లా, ఇంకో కన్ను ఇట్లా ఉంది. ఒకసారి ఆమె పక్కన కూర్చుని, ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఇంకోసారి ఆ కార్డు చూడమనండి. ఒక కంటి ఆపరేషన్ మాత్రమే అయినవాళ్లు చాలామంది రెండు కళ్లకూ రెండు రంగులు కనిపిస్తున్నాయంటారు. అందరికీ ఒకే తీరుగా ఉండదు, కానీ అడిగితే పోయేదేమీ లేదు. ఆమె ఏం చెప్పినా, మీ ఇద్దరి మధ్య మొదటిసారి ఆ రంగు గురించి నిజంగా మాట జరుగుతుంది.

జాజు లాంటి ఎర్ర రంగును ఆ పచ్చ కటకం అంతగా మింగదు. ముసలి కంటికి కూడా ఎరుపు ఎరుపుగానే అందుతుంది. కాబట్టి జాజు కావాలన్న కోరిక ఊరి మీద బెంగ ఒక్కటే అని కొట్టిపారేయకండి, ఆ కంటి అవసరం కూడా అందులో ఉండవచ్చు. అయితే అదే కంటికి ఇంకో అవసరం ఉంది. 60 దాటినవాళ్ల కంటి లోపలి తెరకు చేరే వెలుతురు, 20 ఏళ్ల వాళ్లకు చేరేదాంట్లో సుమారు మూడో వంతే. అంటే ఆమెకు మనకంటే ఎక్కువ వెలుతురు కావాలి. జాజేమో వెలుతురును తాగేస్తుంది. మీ భయం కూడా నిజమే అంటున్నాను. ఒకే కన్ను రంగు కోసం జాజును, చూపు కోసం గంధాన్ని అడుగుతోంది. మీ ఇంట్లో చిక్కు ఇక్కడుంది.

దీన్ని కొలవడానికి ఒక అంకె ఉంది. ఎల్‌ఆర్‌వీ అంటారు. గోడ మీద పడ్డ వెలుతురులో ఎంత తిరిగి వస్తుందో చెబుతుంది. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100. లేత గంధం రంగులు మామూలుగా 60 నుంచి 75 మధ్య ఉంటాయి, ఇటుక రంగులకు అందులో సగం కూడా ఉండదు. షాపులో షేడ్ నంబరు చెప్పి అడిగితే ఈ అంకె చూసి చెబుతారు. నాలుగు గోడలకూ ఇటుక రంగు వేస్తే ఇప్పుడున్న ఒక్క ట్యూబ్‌లైట్ చాలదు, రెండు కూడా చాలకపోవచ్చు. పైగా గోడల రంగు ఒకదాని మీది నుంచి ఒకటి ప్రతిఫలించి ఇంకా చిక్కబడుతుంది, ముఖ్యంగా మూలల్లో. కార్డు మీద రెండంగుళాల ముక్కకు ఎదురుగా ఇంకో గోడ ఉండదు కదా. మా ఇంటి ముందు గదికి నేను ఇట్లాగే కార్డు చూసి లేత పీచు రంగు వేయించాను. నాలుగు గోడలూ పూర్తయ్యేసరికి అది నారింజ అయి కూర్చుంది. మళ్లీ ప్రైమర్‌తో మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి కార్డు చూసి ఒప్పుకోవడం మానేశాను.

ఇక మీ గది వెలుతురు. మన వరంగల్, హనుమకొండలు ఉత్తర అక్షాంశం 18 డిగ్రీల దగ్గరున్నాయి. సూర్యుడు మే నెల మధ్యలో మన నడినెత్తి మీదికి వచ్చి కొంచెం ఉత్తరానికి జరుగుతాడు, జూలై చివర మళ్లీ నెత్తి మీదుగా దక్షిణానికి పోతాడు. మధ్యాహ్నపు ఎండ మీ ఉత్తరపు కిటికీని తాకేది ఆ రెండున్నర నెలలే. ఎండాకాలం పొద్దున, సాయంత్రం ఏటవాలుగా ఇంకాస్త వస్తుంది. దసరా నుంచి హోలీ దాకా ఆ గదికి వచ్చేదంతా ఆకాశం వెలుగే, దానికి నీలి చాయ ఉంటుంది. పైన మీ ట్యూబ్‌లైట్ పెట్టె మీద చూడండి, బహుశా 6500 కెల్విన్ అని ఉంటుంది. కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా వేలాడేది అదే. అదీ నీలి వెలుగే. పగలూ నీలమే, రాత్రీ నీలమే. కింద తాండూరు బండలు కూడా నీలమే. అలాంటి చోట పసుపు ఎక్కువున్న గంధం రంగు బూడిద పచ్చగా తిరుగుతుంది. శుక్లం లేని నాకు కూడా అది మాసినట్టే అనిపించవచ్చు.

అందుకని డబ్బా కొనకముందు 4000 కెల్విన్ బల్బు ఒకటి తెచ్చి ఆ గదిలో పెట్టి చూడండి. 3000ది ఇంకా పసుపుగా, దీపం వెలుగులా ఉంటుంది. పడుకునే ముందు మంచం పక్కన అది హాయిగానే ఉంటుంది, కానీ మందు సీసా మీది అక్షరాలు చదవడానికి 4000 మేలు. దొరికితే పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 అని ఉన్నది తీసుకోండి. ఎరుపు రంగులు దాని కింద చచ్చుబడవు. ఏ రంగు వేసినా ఈ బల్బు ఖర్చు వృథా పోదు.

ఇప్పుడు జాజు. ఉత్తరంలో ఒక్క విషయం నాకు ఎక్కడా కనిపించలేదు. అత్తమ్మ వాళ్ల ఇంట్లో జాజు ఎక్కడ పూసేవారు?

నాకు తెలిసిన మన పల్లెటూరి ఇళ్లలో గోడంతా పైనుంచి కింది దాకా జాజు ఉండేది కాదు. పైన సున్నం, కింద రెండు మూడు అడుగుల ఎత్తు జాజు పట్టీ, అరుగుకు జాజు, దాని మీద తెల్లటి ముగ్గు. పండుగకు ముందు ఆడవాళ్లు పాత గుడ్డతో, చేత్తో పూసేవారు. మీ అత్తమ్మ ఇంట్లో ఎట్లా ఉండేదో ఆమే చెప్పాలి. కానీ ఆమె “జాజు” అన్నప్పుడు ఆమె కళ్ల ముందు ఉన్నది ఆ పట్టీయో, ఆ అరుగో అయితే, దాన్ని పెయింటర్ నాలుగు గోడల ఇటుక రంగుగా మార్చాడు, మీరు ఆ ఇటుక రంగుకు భయపడ్డారు. ఆమె అడగని దాని మీద మీరిద్దరూ పది రోజులుగా బాధపడుతున్నారేమో. అడగండి. “అత్తమ్మా, జాజు ఎక్కడెక్కడ పూసేటోళ్లు? ఎవరు పూసేటోళ్లు? జాజు ఎక్కడికెల్లి తెచ్చేటోళ్లు?” అని అడగండి. రంగు తేల్చడానికి అడుగుతున్నట్టు కాకుండా, వంటింట్లో కూర తరుగుతూ అడగండి. ఆమె చెప్పేటప్పుడు మీ ఆయన కూడా అక్కడుంటే మంచిది, ఆయనకూ తన ఇల్లు గుర్తుకొస్తుంది.

ఇంకొకటి. ఆమె గుర్తుంచుకున్న జాజు ఎండలో ఉన్న జాజు. మీరు రామప్ప గుడి చూసే ఉంటారు. 13వ శతాబ్దంలో కట్టిన ఆ గుడి ఎర్రటి ఇసుకరాయి పొద్దున ఎండలో ఒక తీరుగా, సాయంత్రం ఇంకో తీరుగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు పోతే అదే రాయి మట్టి రంగులో కనిపిస్తుంది. ఆ ఎరుపులో సగం రాయిది, సగం ఎండది. అదే రంగును ఉత్తరపు గదిలో, ఎండ రాని గోడల మీద పూస్తే అత్తమ్మ మనసులో ఉన్న జాజు రాదు, గోధుమ రంగు గోడ వస్తుంది. ఆమె మాట నెగ్గినట్టే ఉంటుంది కానీ ఆమెకు కావలసింది దొరకదు. నాలుగు గోడల ఇటుక రంగు విషయంలో నాకున్న బెంగ ఇదే. మీకు నచ్చకపోవడం కంటే, ఆమెకు కూడా నచ్చకుండా పోవడం ఎక్కువ బాధ.

అదే గుళ్లో ఎర్రరాయి పక్కన నల్లరాయి మదనికలు (స్త్రీల శిల్పాలు) ఉన్నాయి, గుర్తుందా? ఎరుపు, నలుపు ఒకదాన్నొకటి ఎత్తి చూపిస్తాయి. మీ గదిలో గోడ ఎంత ముఖ్యమో, దాని పక్కన ఏముందన్నదీ అంతే ముఖ్యం. ఊరినుంచి తెచ్చిన టేకు మంచం అందులో వేస్తారని రాశారు. ఇటుక రంగు గోడకు ఆనుకుని టేకు మంచం వేస్తే రెండూ కలిసిపోయి మంచం అంచు కనిపించదు. గంధం ముందు అది చక్కగా తేలుతుంది. చూపు మందగించిన మనిషి రాత్రి లేచి మంచం కోడు తగలకుండా నడవాలి. తలుపు చట్రం, స్విచ్చుబోర్డు, మంచం, ఇవన్నీ గోడ నుంచి విడిగా కనిపించాలి. గంధం గోడ మీద తెల్ల స్విచ్చుబోర్డు కనపడదు, జాజు మీదైతే ఎదురుగా కనిపిస్తుంది.

గంధం, జాజు రెండు పార్టీలుగా చీలిపోయాయి మీ ఇంట్లో. నిజానికి ఇవి ఒక తల్లి పిల్లలు. రెండింటి రంగూ మట్టిలోని ఇనుముదే. ఇనుము కలిసిన పసుపుపచ్చ మట్టిని కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్ర మట్టి అవుతుంది. ఈ మట్టి రంగులు ఎండకు తొందరగా వెలిసిపోవు కూడా. అందుకే ఈ రెండూ పక్కపక్కన ఉంటే కళ్లకు కొట్టవు. ఒక షరతు ఉంది. గంధంలో పచ్చ ఛాయ కాకుండా పిసరంత ఎరుపు ఛాయ ఉండాలి. ఎట్లా తెలుస్తుందంటే, కార్డు ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి కిటికీ దగ్గర చూడండి. ఒంటరిగా గంధంలా ఉన్నది తెల్ల కాగితం పక్కన నిమ్మ వైపు పోతోందో, గోధుమ వైపు పోతోందో, గులాబీ వైపు పోతోందో బయటపడుతుంది. మీ గదికి నిమ్మ వైపు పోయేది వద్దు.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటి చెబుతాను, మిగతాదంతా దాని తర్వాతే. మీ గంధంలో ఒకటి, ఎరుపు ఛాయ గంధం ఒకటి, ఇటుక రంగు ఒకటి, దానికంటే ఒక మెట్టు లేతది ఒకటి, చిన్న శాంపిల్ డబ్బాలు తెప్పించండి. రెండడుగుల అట్టలకు ముందు తెల్ల ప్రైమర్ కొట్టి, చుట్టూ అంగుళం తెల్లగా వదిలి, ఒక్కోదానికి రెండు కోట్లు వేయించండి. గోడ మీదే పక్కపక్కన పూయనివ్వకండి. ఇటుక రంగు పక్కనున్న గంధం ఆకుపచ్చగా కనిపించి మోసం చేస్తుంది. ఒక్కో అట్టను ఒక్కోసారి, కిటికీకి ఎదురు గోడకు, కిటికీ ఉన్న గోడకు, మూలకు ఆనించి చూడండి. కిటికీ ఉన్న గోడ ఎప్పుడూ నీడలోనే ఉంటుంది కాబట్టి అక్కడ ప్రతి రంగూ ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, ట్యూబ్‌లైట్ కింద, కొత్త బల్బు కింద చూడండి. అత్తమ్మ నిలబడి కాదు, మంచం వేసే చోట కుర్చీలో కూర్చుని, వీలైతే పడుకుని చూడాలి. ఆ గదిలో ఆమె గడిపే సమయమంతా అట్లాగే కదా. వాన పడి గోడ ఆరని రోజు చూసిన రంగును లెక్కలోకి తీసుకోకండి.

ఆ తర్వాత మీ ముందు నాలుగు దారులుంటాయి.

గది మొత్తం గంధం వేయవచ్చు. వెలుతురు నిలుస్తుంది, తర్వాత ఎప్పుడు మార్చాలన్నా సులువు. లేత రంగు మీద ముదురు వేయడానికి రెండు మూడు కోట్లు చాలు, ముదురు మీద లేతది వేయాలంటే ప్రైమర్ మళ్లీ కొట్టాలి. కానీ “ఇప్పుడు గంధం వేద్దాం, జాజు తర్వాత చూద్దాం” అని మీరంటే, ఆ “తర్వాత” రాదని అత్తమ్మకు తెలుసు. పెత్రమాస నాడు ఆ గోడకు మామయ్య ఫొటో పెట్టినప్పుడు, అది ఆమె గది కాదు, మీరు ఆమెకిచ్చిన గది అవుతుంది. ఆడబిడ్డ నోటికి కూడా పని దొరుకుతుంది. ఇదంతా మోయగలనని అనిపిస్తేనే ఈ దారి.

గది మొత్తం ఇటుక రంగు వేయవచ్చు. ఆమె మాట నిలబడుతుంది, మీ ఆయనకు శాంతి దొరుకుతుంది. దీపాలు రెట్టింపు చేయాలి. తలుపు చట్రానికి, కిటికీకి లేత రంగు తప్పనిసరి. అయినా చలికాలం మధ్యాహ్నం ఆ గది బరువుగా ఉంటుందని నా అంచనా. ఎండలో ఉన్న జాజు కోసం అడిగిన మనిషికి నీడలో ఉన్న జాజు ఇస్తాం. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక ఆమెకే మనసు మారే అవకాశం ఉంది. ఆ ఆపరేషన్ దగ్గర్లో ఉంటే ఇది ఇంకా ఆలోచించాలి.

ఒక్క గోడకు జాజు, మూడు గోడలకు గంధం వేయవచ్చు. ఏ గోడ అన్నది ఇక్కడ అసలు విషయం. చాలా ఇళ్లలో మంచం తలవైపు గోడకు ముదురు రంగు వేస్తారు, ఫొటోలో బాగుంటుందని. పడుకున్న మనిషికి అది ఎప్పటికీ కనిపించదు. మీరు వేస్తే ఆమె కాళ్లవైపు గోడకు, కిటికీ వెలుతురు పడే గోడకు వేయండి. మామయ్య ఫొటో కూడా అక్కడే. ఇందులో ఉన్న ఇబ్బంది, ఇది రాజీలా కనిపిస్తుంది. “నీకు మూడు, నాకొకటి” అని లెక్క తేలితే ఇద్దరికీ మిగిలేది అసంతృప్తే. ఆ గోడను ఆమె ఎంచుకుంటేనే ఇది పనికొస్తుంది.

నాలుగోది కింద మూడడుగుల జాజు పట్టీ, పైనంతా గంధం. నా మనసు దీని వైపే మొగ్గుతోంది, దాచుకోను. వెలుతురు పైభాగం నుంచే ఎక్కువ తిరిగి వస్తుంది కాబట్టి గది చీకటి కాదు. తలకు రాసిన కొబ్బరినూనె మరక, చేయి ఆనించిన మరక, మాప్ తగిలిన మరక, అన్నీ పడేది ఆ మూడడుగుల లోపే. నీలం బండకూ గోడకూ మధ్య గీత స్పష్టంగా ఉంటుంది, ఆమె కాలికి అది ఆసరా. మంచం అంచు గురించి నేను పైన చెప్పిన ఇబ్బంది మాత్రం ఇందులో కొంత ఉంటుంది, తెల్లటి దుప్పటి పరిస్తే సరిపోతుంది. పట్టీకి లెక్క కూడా చెబుతాను: తలుపు వదిలేస్తే 43 అడుగుల చుట్టుకొలత, మూడడుగుల ఎత్తు, 129 చదరపు అడుగులు. ఒక గోడ మొత్తం వేసినా 120. ఖర్చులో తేడా లేదు. ముదురు రంగుకు మూడో కోటు పడవచ్చు కాబట్టి ఒక లీటరు చాలదు, రెండు తెప్పించుకోండి. అయితే, అత్తమ్మ ఇంట్లో పట్టీ అలవాటు లేకపోతే ఇది మీరూ నేనూ కలిసి అల్లుకున్న పల్లెటూరు అవుతుంది. అందుకే ముందు అడగమన్నాను.

ఏ దారిలోనైనా మెరుపున్న రంగు వద్దు. శుక్లం ఉన్న కంటికి గోడ మీద దీపం మెరుపు ముల్లులా తగులుతుంది. మెరుపు లేకుండా, తుడవడానికి వీలైనది అడగండి. ఒకసారి మెషీన్‌లో కలిపిన డబ్బా షాపువాళ్లు సాధారణంగా వాపసు తీసుకోరు, అది గుర్తుంచుకోండి.

మీ పదకొండేళ్ల మాటకు వస్తాను. దాన్ని చివరికి తోసేశానని అనుకోకండి, రంగు సంగతి తేలకుండా దాన్ని ముడితే రెండూ చెడతాయని ఆగాను. మీరు తప్పా అని అడిగారు. కాదు. జీతంలో సగం కిస్తీకి కట్టే మనిషి ఆ ఇంట్లో ఒక గోడ రంగు తనదై ఉండాలనుకోవడం ఎక్కడా తప్పు కాదు. కానీ ఇన్నేళ్లలో మీరు ఎంచుకోలేకపోయినవన్నీ తీసుకొచ్చి అత్తమ్మ గది గోడ మీద పెట్టారు. ఆ గోడ అంత మోయలేదు. ఈ వయసులో తన ఇల్లు వదిలి, తన అరుగు వదిలి, పక్కింటివాళ్లను వదిలి వచ్చిన మనిషికి ఎంచుకోవడానికి మిగిలింది కూడా ఆ ఒక్క గదే. ఆమె ఆకలి, మీ ఆకలి ఒకటే, అందుకే అంత గట్టిగా తగిలింది.

కాబట్టి మీ వాటా వేరే చోట అడిగి తీసుకోండి. ముందు గదో, మీ పడకగదో, వంటిల్లో. మీ ఆయనతో సూటిగా చెప్పండి: “అమ్మ గదికి అమ్మ మాట. ముందు గదికి నా మాట. దాని మీద ఎవరు ఏమన్నా నువ్వు నా పక్కన నిలబడాలె.” మీరు ఎంచిన ఆ గంధం అక్కడ వేయండి, ఆ గదికి తూర్పు వెలుతురు ఉందని రాశారు కదా, అక్కడ అది బంగారంలా ఉంటుంది. ఈ మాట చెప్పకుండా అత్తమ్మ గదిలో మాత్రం తగ్గితే, దాన్ని మీరు త్యాగంగా లెక్క కట్టుకుంటారు, ఆ లెక్క ఎన్నేళ్లయినా తేలదు. చెప్పాక కూడా ఆయన “ఏదో ఒకటి” అంటే, ముందు గది పని మొదలుపెట్టకుండా ఆపండి. ఆలస్యమైనా పర్లేదు.

“నాకు రెండూ ఒక్క తీరే” అన్న ఆయన మాట గురించి కూడా. తప్పుకోవడానికి అన్నట్టుంది. కానీ మగవాళ్లలో ఎరుపు, ఆకుపచ్చ సరిగా తేలనివాళ్లు కొందరు ఉంటారు, ఆయనకు నిజంగానే రెండూ దగ్గరగా కనిపిస్తున్నాయేమో. అట్టలు పెట్టినప్పుడు తెలుస్తుంది. ఏదైనా సరే, ఆ అట్టలకు రంగు వేసే పని ఆయనకే అప్పజెప్పండి. ఆదివారం పొద్దున రెండు గంటల పని. కోడలు ఒక దిక్కు, తల్లి ఒక దిక్కు నిలబడి ఉండగా నడుమ నుంచి ఆయన పక్కకు పోతున్నారు. చేతికి కుంచె ఇస్తే పోలేరు.

ఆడబిడ్డకు మీరు సంజాయిషీ ఇవ్వాల్సిన పనిలేదు. పోట్లాడాల్సిన పని కూడా లేదు. అట్టలు సిద్ధమయ్యాక, “వదినా, అమ్మ గది రంగు అమ్మనే చూసి చెప్తుంది, నువ్వు గూడ వచ్చి ఒక పూట ఆమెతోని కూసో” అని పిలవండి. తల్లి ఇల్లు మూతపడిన బాధ ఆమెకూ ఉంటుంది, మీ మీద అన్నది అందులోంచి వచ్చిందేమో. వస్తే రెండు మాటలు నేరుగా వినొచ్చు. రాకపోతే తర్వాత అనడానికి ఆమెకు వీలుండదు.

పెత్రమాసకు ఇంకా సమయం ఉంది కాబట్టి పెయింటర్‌ను తొందర పెట్టనివ్వకండి. ఈలోపు కిటికీ కింద గోడ అడుగుభాగాన్ని చేత్తో తడిమి చూడండి. చల్లగా, చెమ్మగా ఉంటే అక్కడ ఆరేదాకా ఏ రంగూ వేయొద్దు, పొక్కి లేస్తుంది, జాజు మీదైతే ఆ తెల్ల మచ్చ మరీ ఎక్కువ కనిపిస్తుంది. ఇంకొకటి, మామయ్య ఫొటోకు మేకు ఎక్కడ కొట్టాలో ఇప్పుడే అత్తమ్మను అడిగి పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. రంగు వేశాక రంధ్రం చేస్తే చుట్టూ పెచ్చు లేస్తుంది. ఆమె ఏ గోడ చూపిస్తుందో చూడండి, అట్టలు ముందుగా ఆ గోడకే ఆనించండి.